ఈ ఏడు మీ వంతు స్తోత్రం మేము చెల్లిస్తాం

కల్వకుర్తి వైపు ఒక పల్లె నుంచి ఒక సోదరి రాసిన ఉత్తరం ఇది. కొంచెం కుదించాను.

"అయ్యగారికి వందనాలు. మా ఆయన పోయిన దసరాకు ముందు చనిపోయారు. నలభై ఎనిమిదేళ్లు. కిడ్నీలు పాడైతే పద్నాలుగు నెలలు మహబూబ్‌నగర్ తిరిగి డయాలిసిస్ చేయించాం. ఉపవాసాలు ఉన్నాం. సంఘమంతా ప్రార్థన చేసింది. అయినా దక్కలేదు. ఆయన పేరు మీద ఎకరంన్నర చెలక, దాంతోపాటు అప్పు మిగిలాయి. మా సంఘంలో ప్రతి ఆదివారం సాక్ష్యాలు చెప్తారు. ఒకరికి బోరు పడింది, ఒకరి కొడుక్కు ఉద్యోగం వచ్చింది. నాకు ఏడుపొస్తే 'ప్రతి విషయంలో కృతజ్ఞత చెల్లించాలి, అట్ల ఏడవొద్దు' అంటారు. ఒక అక్క అయితే 'మీ ఇంట్ల ప్రార్థన తక్కువైంది' అన్నది. పక్కింటి అక్క మాత్రం పది రోజులు అన్నం తెచ్చి పెట్టింది, ఏమీ మాట్లాడలేదు. వచ్చే నెల పంట పండుగ. ఆ రోజు నన్ను సాక్ష్యం చెప్పమని పెద్దలు అంటున్నారు, గుండె తేలికవుతుందట. నాకు స్తోత్రం అనే మాట నోట్లోంచి రావడం లేదు. అబద్ధం చెప్పలేను. మూడు నెలలుగా మందిరానికి పోవడం మానేశాను. మందిరం కోసం పిడికెడు బియ్యం తీయడం కూడా ఆపేశాను. మా ఆయన మందిరంలో డోలక్ వాయించేవారు. ఇప్పుడు ఒక పదో తరగతి పిల్లగాడు వాయిస్తున్నాడు. హైదరాబాద్‌లో చదివే మా కొడుకు 'ఇంకెందుకమ్మా పోవుడు' అంటున్నాడు. నా విశ్వాసం చచ్చిపోయినట్టేనా?"

అమ్మా, వందనాలు.

మీరు చివర అడిగిన దానికి ముందు జవాబు చెప్తాను. ఆ ప్రశ్న గుండెలో పెట్టుకొని మీరు ఈ ఉత్తరమంతా చదవడం నాకు ఇష్టం లేదు. మీ విశ్వాసం చావలేదు. అది చచ్చి ఉంటే మీకు ఈ తిప్పలే ఉండేవి కావు. పండుగ నాడు లేచి నిలబడి, నోటికి అలవాటైన నాలుగు మాటలు చెప్పి కూర్చునేవారు. ఎవరూ కనిపెట్టేవారు కాదు. దేవుని ముందు ఉత్తమాట అనలేనని మూడు నెలలుగా మీరు నలిగిపోతున్నారు. ఆయన వింటున్నాడని నమ్మే మనిషికే ఈ బాధ ఉంటుంది.

రెండోది, పంట పండుగ నాడు సాక్ష్యం చెప్పకండి. పెద్దలతో గొడవ పడాల్సిన పని లేదు. "అన్నా, ఈ ఏడు నా వల్ల కాదు. నా బదులు మీరే ప్రార్థన చేయండి" అనండి చాలు. ఇంకా బలవంతం చేస్తే ఈ ఉత్తరం చూపించండి. వాళ్లు మీ మంచికే అంటున్నారని నాకు తెలుసు. మనసులో ఉన్నది బయటపెడితే భారం దిగుతుందన్నది నిజమే. కానీ మైకు ముందు బయటపెట్టాలని ఎక్కడా లేదు.

"ప్రార్థన తక్కువైంది" అన్న మాట గురించి గట్టిగా చెప్పాలి. అది తప్పు మాట. పుట్టుగుడ్డివాణ్ణి చూసి శిష్యులు అడిగింది ఇలాంటిదే: వీడు పాపం చేశాడా, వీడి అమ్మానాన్నలు చేశారా అని. యేసు ప్రభువు రెండూ కాదన్నాడు. పద్నాలుగు నెలలు బస్సుల్లో తిరుగుతూ, సూదుల పక్కన కూర్చుని, ఉపవాసాలుండి ప్రార్థించిన మనిషి దగ్గర ఎవరూ ఆ లెక్క తీయకూడదు. ఆ అక్కను క్షమించమని ఇవాళే అడగను. ఆ మాట మాత్రం దేవుడు అన్నట్టుగా ఇంట్లోకి రానివ్వకండి.

నేనూ ఒకప్పుడు అలాంటి మాటే అన్నాను. సేవలోకి వచ్చిన కొత్తలో, ఇరవై ఆరేళ్లప్పుడు, జ్వరంతో నాలుగేళ్ల బిడ్డ పోయిన ఇంటికి వెళ్లాను. ఏం చెప్పాలో తెలియక, ఎవరి దగ్గరో విన్నది అప్పజెప్పాను: "దేవుని తోటకు ఒక పువ్వు కావాల్సొచ్చింది, తీసుకెళ్లాడు" అని. ఆ తల్లి నా ముఖం వైపు చూసి, "ఆయన తోటల పువ్వులకు తక్కువా అయ్యగారూ? నాకున్నది ఒక్కటే గదా" అన్నది. తలదించుకుని బయటికి వచ్చాను. ఆ తర్వాత ఎన్నో ఇళ్లలో ఎన్నో చావులు చూశాను. ఇప్పుడు వెళ్తే చెప్పులు విడిచి కూర్చుంటాను. నీళ్లు కావాలంటే తెచ్చిస్తాను. వాక్యం చదవమని వాళ్లే అడిగితే చదువుతాను. మీ పక్కింటి అక్కకు ఇది ఎవరూ నేర్పకుండానే తెలిసింది.

ఇక కృతజ్ఞత సంగతి. మన సంఘాల్లో దీన్ని ఒక్కొక్కరి పరీక్షలా మార్చేశాం అనిపిస్తుంది. వరసగా లేస్తారు, వరసగా చెప్తారు, చెప్పనివారి వైపు అందరూ తిరిగి చూస్తారు. బైబిల్లో కృతజ్ఞతార్పణ అలా ఉండదు. లేవీయకాండం ఏడో అధ్యాయం తీసి చూడండి. కృతజ్ఞత కోసం సమాధానబలి ఇచ్చినవాడు ఆ మాంసం ఆ రోజే తినాలి, తెల్లారేదాకా ఏమీ మిగల్చకూడదు. మొక్కుబడి బలి అయితే రెండో రోజు కూడా తినవచ్చు. కృతజ్ఞతార్పణకు మాత్రం ఆ ఒక్క రోజే గడువు. పల్లెలో పుట్టిన మనకు దీని అర్థం ఎవరూ విప్పి చెప్పనక్కర్లేదు. ఒక యాటను కోసి, ఆ పొద్దుకే అయిపోవాలంటే ఏం చేస్తాం? వాడకట్టంతా పిలుస్తాం. ఇంటింటికీ పెద్ద గిన్నె పంపిస్తాం. పొలం నుంచి వచ్చేవాణ్ణి ఆపి కూర్చోబెడతాం. మేలు పొందిన ఇల్లు ఒక్కటే. తినేది పది ఇళ్లవాళ్లు. ఆ పది ఇళ్లలో ఆ ఏడు పంట పోయినవాడు ఉంటాడు, మనిషిని పోగొట్టుకున్న ఆమె ఉంటుంది. "నువ్వేం మేలు పొందావు, ముందు చెప్పు, తర్వాత కూర్చో" అని వాళ్లను ఎవరూ అడగరు. విస్తరి వేస్తారు. ఈ ఏడు మీ చోటు ఆ విస్తరి ముందే అమ్మా. వంట చేసే పని మాది.

పంట పండుగ దగ్గరికి వస్తోంది కాబట్టి రూతు గ్రంథం మళ్లీ ఒకసారి చదవండి. ఈసారి రూతును పక్కనపెట్టి ఆమె అత్త నయోమి వెంట నడవండి. భర్త పోయాడు, ఇద్దరు కొడుకులు పోయారు, వట్టి చేతులతో ఊరికి తిరిగొచ్చింది. బేత్లెహేము ఆడవాళ్లు గుమిగూడి "ఈమె నయోమి కదా" అంటే, "నన్ను నయోమి అనకండి, మారా అని పిలవండి" అన్నది. నయోమి అంటే మధురం, మారా అంటే చేదు. దేవుడు నాకు చేదు తినిపించాడని ఊరి నడుమ నిలబడి అన్నది. అప్పుడు యవలు కోతకొచ్చాయి. అంటే ఊరంతా పండుగ కళ మీద ఉంది. అయినా ఆ ఆడవాళ్లు "అట్ల అనొద్దు, కృతజ్ఞత చెప్పు" అని ఆమెను సరిదిద్దినట్టు ఆ గ్రంథంలో ఒక్క మాట లేదు.

ఇంకో సంగతి నేను చాలా ఏళ్లకు గమనించాను. చివరి అధ్యాయంలో రూతుకు ఒబేదు పుట్టినప్పుడు "యెహోవాకు స్తోత్రం" అన్నది నయోమి కాదు. ఇరుగుపొరుగు ఆడవాళ్లు అన్నారు. పిల్లవాడికి పేరు పెట్టింది కూడా వాళ్లే. నయోమి బిడ్డను కౌగిట్లోకి తీసుకుంది, అంతే. అక్కడ ఆమె నోటి నుంచి ఒక్క మాట రాయలేదు. ఆమె వంతు స్తోత్రం ఊరి ఆడవాళ్లు చెల్లించారు, దేవుడు పుచ్చుకున్నాడు. సంఘం ఎందుకు అని మీ అబ్బాయి అడుగుతున్నాడు కదా. నా దగ్గరున్న జవాబుల్లో నేను ఎక్కువగా నమ్మేది ఇదే.

మొదట నేను కోస్గి వైపు సేవ చేశాను. ఆ రోజుల్లో వానాకాలం పనులు అయిపోతే సగం సంఘం బొంబాయి, పూనా బస్సెక్కేది. పాలమూరు వలస గురించి మీకు నేను చెప్పేదేముంది. ఆదివారం చూస్తే ముసలివాళ్లు, చిన్నపిల్లలు, ఖాళీ చాపలు. బిల్డింగ్ పనుల్లో ఉన్నవాళ్లకు ఆదివారం కూడా తీరిక దొరికేది కాదు. అప్పుడు ఒక ముసలమ్మ ప్రార్థన మొదలుపెట్టే ముందు వెళ్లినవాళ్ల పేర్లు ఒక్కొక్కటే చదివి, "వీళ్లు ఇక్కడ ఉన్నట్టే లెక్క ప్రభువా" అనేది. వాళ్లు తిరిగొచ్చాక ఇన్ని నెలలు ఆరాధనకు ఎందుకు రాలేదని ఎవరూ అడిగేవారు కాదు. చాప జరిపి చోటిచ్చేవారు. ఏడవడానికి వెళ్లినవాళ్లు కూడా వలస పోయినవాళ్లే అని నేను అనుకుంటాను. మీ పేరు కూడా అలా చదవమని మీ సంఘ కాపరిని అడగండి. మొహమాటం అయితే నాకు చెప్పండి, నేను మాట్లాడతాను.

మీరు ఆశ గురించి అడగలేదు, కానీ ఉత్తరం నిండా ఆ బెంగే ఉంది. మన తెలుగు బైబిల్లో ఆ చోట్ల చాలావరకు "నిరీక్షణ" అని ఉంటుంది. మామూలు మాటల్లో నిరీక్షణ అంటే ఎదురుచూపు. ఎదురుచూసేవాడి చేతిలో ఇంకా ఏమీ లేదు. కనిపించేదాని కోసం ఎవరు నిరీక్షిస్తారని పౌలు రోమా సంఘానికి రాశాడు. నిరీక్షణ ఉన్నవాళ్లంతా నవ్వుతూ ఉండాలని ఆయన అక్కడ రాయలేదు. అదే అధ్యాయంలో మూలుగుల గురించి రాశాడు.

ఇప్పుడు నేనున్నది నల్లగొండ జిల్లా మర్రిగూడ వైపు. మర్రిగూడ, నాంపల్లి, మునుగోడు, చండూరు అంటే మీకు ఫ్లోరైడ్ గుర్తొస్తుంది. కింద గ్రానైట్ రాయి, దానిలోని ఫ్లోరైడ్ నీళ్లలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదంటారు. మా బోర్లలో అంతకు ఎన్నో రెట్లు ఉండేది. పటిక, సున్నం కలిపి ఆ నీళ్లను శుద్ధి చేసే పద్ధతికి ప్రపంచంలో "నల్లగొండ పద్ధతి" అనే పేరు. జిల్లా పేరు అలా నలుగురికీ తెలియడం మాకు సంతోషం కలిగించే సంగతేం కాదు. మా సంఘంలో అరవై దాటిన ఒక పెద్దాయన ఉన్నారు. నడుం వంగిపోయింది, మెడ తిరగదు. చాప మీద కూర్చోలేరని ముందు వరసలో కుర్చీ వేస్తాం. తర్వాత కృష్ణ నీళ్లు పైపుల్లో మా ఊళ్లకు వచ్చాయి. మంచి నీళ్లు వచ్చినా వంగిన ఎముక తిరిగి నిటారు కాదు. ఒక పంట పండుగ నాడు ఆయన కుర్చీలోంచే అన్నారు: "నా మనవరాలి పండ్లు తెల్లగున్నయ్. దాని గురించి దేవునికి స్తోత్రం. నా నడుం గురించి మాత్రం నేనింకా ఆయనను అడుగుతనే ఉన్న." మందిరంలో కాసేపు ఎవరూ మాట్లాడలేదు. నేను ఆ రోజు రాసుకున్న ప్రసంగం మానేసి ప్రార్థనతో ముగించాను. ఆయన స్తోత్రం ఆయన ఫిర్యాదును మింగేయలేదు. రెండూ ఒకే నోట్లో ఉన్నాయి. మీకు కూడా ఎప్పుడో ఒకరోజు అలాంటి మాట రావచ్చు. రావడానికి ఒక సంవత్సరం పట్టవచ్చు, నాలుగు పట్టవచ్చు. నేను తారీకు పెట్టను, మీ పెద్దలూ పెట్టకూడదు.

పిడికెడు బియ్యం ఆపేశానని మీరు తప్పు చేసినట్టు రాశారు. ఆ ఆచారం ఎలాంటి ఇళ్లలో నిలిచిందో గుర్తు చేసుకోండి. మన నాయనమ్మల కాలంలో కూలి గింజల్లో ఇచ్చేవారు, చేతిలో పైసా ఆడేది కాదు. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి వేరే కుండలో వేసేవారు. దోర్నకల్‌లో అజరయ్య గారు, 1912లో ఆంగ్లికన్ సంఘంలో మొదటి భారతీయ బిషప్ అయినవారు, పల్లె సంఘాలు విదేశీ డబ్బు మీద కాకుండా తమ కానుకల మీద నిలబడాలని ఎంతో పాటుపడ్డారు. అలా బీదవాళ్ల వంటింట్లోంచి వచ్చిన గింజలతో సంఘాలు నడిచాయి. ఆ బియ్యంతోనే ఊళ్లో ఒంటరి ముసలివాళ్లకు, దిక్కులేని ఇళ్లకు కూడా వండి పెట్టేవారు. ఆ కుండలోంచి తీసుకోవాల్సిన వంతు ఒక్కోసారి మనకు వస్తుంది. అప్పుల్లో ఉన్న మీ ఇల్లు ఇప్పుడు ఇచ్చే వరసలో ఉండనక్కర్లేదు. మీ పక్కింటి అక్క పది రోజులు తెచ్చిన అన్నంలో ఎవరి పిడికెడు ఉందో ఎవరికి తెలుసు.

ఇక్కడ పెద్దలతో ఒక మాట. పంట పండుగ నాడు కోళ్లు, గుమ్మడికాయలు, గుడ్లు వేలం వేస్తాం, ఒక గుడ్డు ఐదొందలకు పోతుంది, కొన్నవాడు మళ్లీ దాన్నే కానుకగా ఇస్తాడు, అందరం చప్పట్లు కొడతాం. ఆ సంతోషం నాకూ ఇష్టం. కానీ ఎవరు ఎంత ఇచ్చారో మైకులో చదవడం మా సంఘంలో ఆపేశాం. చదివినన్ని రోజులు, ఏమీ తేలేని రెండు మూడు కుటుంబాలు సరిగ్గా ఆ ఆదివారమే ఊరెళ్లేవి. ఎందుకో అర్థం కావడానికి నాకు చాలా కాలం పట్టింది. వచ్చే నెల మీ సంఘంలో ఈ సోదరి కనిపిస్తే లెక్కలు అడగకండి. ప్లేటు పెట్టండి.

చేయాల్సిన పని ఒకటి ఉంది, అది ప్రార్థన కంటే చిన్నదేం కాదు. చెలక మీ ఆయన పేరు మీదే ఉందని రాశారు. పట్టాదారు పాసుపుస్తకం ఉండి, 2018లో మొదలైన రైతు బీమాలో ఆయన పేరు నమోదై ఉంటే, 59 ఏళ్లలోపు ఏ కారణంతో చనిపోయినా నామినీకి 5 లక్షల రూపాయలు వస్తాయి. అది వచ్చిందో లేదో మీరు రాయలేదు. మీ క్లస్టర్ వ్యవసాయ విస్తరణాధికారిని కలవండి. వితంతు పింఛను, పేద కుటుంబంలో సంపాదించే మనిషి పోతే కేంద్రం ఒక్కసారి ఇచ్చే 20,000 రూపాయల సాయం గురించి కూడా మండల ఆఫీసుల్లో అడగండి. మరణ ధ్రువపత్రం, ఆధార్, బ్యాంకు పుస్తకం, పాసుపుస్తకం జిరాక్సులు నాలుగేసి తీయించి పెట్టుకోండి. ఒక్కరే తిరగకండి. సంఘంలో బండి ఉన్న ఒక తమ్ముణ్ణి తోడు అడగండి. మీకు సాక్ష్యం చెప్పమన్న పెద్దల్లో ఒకరు ఆ పనికి వస్తే నాకు ఎంతో సంతోషం.

మీ అబ్బాయితో వాదించకండి. తండ్రి కోసం తానూ ప్రార్థించి ఉంటాడు. ఆ కోపం మీ మీద కాదు. సెలవులకు వచ్చినప్పుడు నువ్వూ మందిరానికి రా అనకండి. "నన్ను బండి మీద దింపు, అయిపోయాక వచ్చి తీసుకుపో" అనండి. గేటు దాకా రానివ్వండి చాలు. నాన్న గురించి ఇంట్లో మాట్లాడుకోండి. ఆయన పేరు ఎత్తితే అమ్మ ఏడుస్తుందని పిల్లలు మాట మింగేస్తారు, అప్పుడు ఇద్దరూ చెరో గదిలో ఏడవాల్సి వస్తుంది.

మీరు మందిరానికి ఎప్పుడు పోవాలి? ఈ ఆదివారమే అనను. పోవాలనిపించిన రోజు పక్కింటి అక్కకు ముందురోజు చెప్పండి: "రేపు నీ పక్కన కూర్చుంటా, ఎవరైనా ఏమన్నా అడిగితే నువ్వే చూసుకో." ఆలస్యంగా వెళ్లండి, వెనక కూర్చోండి, ఆశీర్వాదం కాకముందే లేచి వచ్చేయండి. పాట పాడకపోయినా ఫర్వాలేదు. ప్రభురాత్రి భోజనం ఉన్న ఆదివారం అయితే ఇంకా మంచిది. ఆ రొట్టె దగ్గర ఎవరూ సాక్ష్యం అడగరు, చెయ్యి చాపితే చాలు. ఏడుపొస్తే ఏడవండి. సగం నుంచి లేచి రావాల్సొస్తే రండి. కీర్తనల గ్రంథంలో 88వది చీకటి అనే మాటతోనే ముగుస్తుంది. దానికి కింద స్తోత్రం అతికించాలని ఎవరికీ అనిపించలేదు, అలాగే ఆరాధన పుస్తకంలో ఉంచారు.

మీ ఉత్తరంలో డోలక్ మాట రెండే వాక్యాలు రాశారు. మిగతావన్నీ వివరంగా రాసి, అది అలా వదిలేశారు. సాక్ష్యాల కంటే, ఆ అక్క మాట కంటే, మొదటి పాటకు ఆ డోలక్ మోగడమే మీకు తట్టుకోలేనిదేమో అనిపించింది. నా అంచనా తప్పైతే క్షమించండి. అదే నిజమైతే మొదటి రెండు మూడుసార్లు పాటలు అయిపోయాక, ప్రసంగం వేళకు వెళ్లండి. అందులో తప్పేం లేదు.

ఒక పదో తరగతి పిల్లవాడు వాయిస్తున్నాడని రాశారు కదా. పల్లెలో ఆ వయసుకు డోలక్ పట్టాలంటే ఎవరో ఒకరు పక్కన కూర్చోబెట్టుకుని చెయ్యి పట్టి నేర్పి ఉండాలి. వాడికి నేర్పింది ఎవరో మీరు రాయలేదు. మళ్లీ ఉత్తరం రాసినప్పుడు ఆ సంగతి రాయండి అమ్మా. చదవాలని ఉంది.